దసరా బొట్టు

ఆ గదిలో అందరికీ కుర్చీలున్నాయి, ఒక్క స్తుతికి తప్ప. నా కోపం అక్కడే మొదలైంది.

డాక్టర్ దశరథం తన కుర్చీలో ఉన్నాడు. ఎదురుగా సీఐ ఓంప్రకాశ్. గోడవారన సోఫాలో కంప్యూటర్ల వ్యాపారి సాయిచంద్. ముగ్గురి ముందూ టీ కప్పులు. ఇరవై మూడేళ్ల స్తుతి మాత్రం తలుపు పక్కన చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడి ఉంది. కాగజ్‌నగర్ అవతల రేగుళ్లపేట అనే ఈ ఊళ్లో ఉన్నది ఒకటే స్కానింగ్ సెంటర్. స్తుతి అందులో స్కాన్ తీసే టెక్నీషియన్. మూడు రోజులుగా ఊరు ఆమెను పిలుస్తున్న పేరు వేరు: సిద్దిరాములును చంపిన పిల్ల.

"సీఐ గారూ, ఈ అమ్మాయిని ఎప్పటిసంది నిలబెట్టిన్రు?" అన్నాను లోపలికి వస్తూనే.

"మీరెవరు?"

"మమతారాణి. కరీంనగర్ల డిటెక్టివ్ ఆఫీసు నాది. స్తుతి వాళ్ల బాపు దేవసహాయం నన్ను పెట్టుకున్నడు."

"ఓహో. గా ముసలాయన మస్తు బతిమాలిండని మిమ్మల్ని రానిస్తున్న మేడం. మాపటికి ఈమెను మెజిస్ట్రేట్ ముంగట పెడ్తున్న. కంప్యూటర్ల వైరస్ ఎక్కించి మనిషి పానం తీసిన కేసు. మీకున్న టైం గంతే."

నేను ఖాళీ స్టూలొకటి లాగి స్తుతి వెనక పెట్టాను. ఆమె సీఐ వంక చూసింది, కూర్చోలేదు. భయం మనిషిని ఎంత వంచుతుందో చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. భయపెట్టినవాడు తాపీగా టీ తాగుతుంటే ఇంకా మండుతుంది.

జరిగింది ఇది. సోమవారం పొద్దున సిద్దిరాములు అనే పేపర్ మిల్లు కార్మికుడు బండి మీద నుంచి పడ్డాడు. తలకు దెబ్బ. స్పృహలోనే ఉన్నాడు, వాంతులవుతున్నాయి. భార్య కమలవ్వ ఆటోలో ఇక్కడికి తెచ్చింది. స్కానింగ్ మిషన్ బాగానే ఉంది కానీ బొమ్మ చూపించాల్సిన కంప్యూటర్ తెరుచుకోలేదు. తెరంతా ఎర్రగా అయ్యి, మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, డబ్బు కడితేనే తీస్తాం అని ఇంగ్లీషులో బెదిరింపు. కంప్యూటర్ బాగవుతుందని గంటసేపు ఎదురుచూశారు. కాలేదు. మంచిర్యాలకు తీసుకెళ్తుంటే సగం దారిలో ప్రాణం పోయింది.

ఇందాక మెట్లెక్కుతుంటే కమలవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "బిడ్డా, గా పోరిని ఇడిపియ్యనీకి వచ్చినవా?" అంది. నేను మెల్లగా చెయ్యి విడిపించుకుని మెట్లెక్కాను. ఆమె కోపం న్యాయమైనదే, దాన్ని ఎవరో దారి తప్పించారంతే.

"స్తుతీ, ఇటు చూడు. నీ పెన్‌డ్రైవ్ కంప్యూటర్ల పెట్టినవా?"

"లేదక్కా. అండ్ల క్రిస్మస్ పాటలున్నయి, చర్చిల ప్రాక్టీసుకు. అది నా బ్యాగుల నుంచి తియ్యనే లే."

"పెట్టింది మేడం," అన్నాడు సాయిచంద్, గ్లాసులో పంచదార కలుపుకుంటున్నంత మామూలుగా. "గా పెన్‌డ్రైవుల వైరస్ ఉన్నది. కంప్యూటర్ ముంగటి స్లాటుల పెట్టిందని, కంప్యూటర్ తనంతట తాను రాసుకునే లాగ్‌ల గూడ కనిపించింది. నేనే చెక్ చేసిన."

"నువ్వా?"

"ఆయనే," అన్నాడు సీఐ. "ఈ ఇలాకాల కంప్యూటర్ల గురించి సాయిచంద్ కంటే తెలిసినోడు ఎవడున్నడు? పెన్‌డ్రైవ్‌ను ల్యాబ్‌కు గూడ పంపుతం, తర్వాత."

"కంప్యూటర్ అమ్మినోడు ఆయన. బాగు చేసేటోడు ఆయన. అది ఎట్ల చెడిందో సాక్ష్యం చెప్పేటోడు గూడ ఆయనేనా? బాగుంది సార్. సాయిచంద్, తెరనే తెరుచుకోని కంప్యూటర్ల నీకు లాగ్ ఎట్ల కనిపించిందయ్యా?"

సాయిచంద్ కప్పు కింద పెట్టాడు. "మా దగ్గర టూల్స్ ఉంటయి మేడం. మీకు చెప్పినా సమజ్ కాదు."

నాకు సమజ్ కాని విషయాలు లోకంలో చాలా ఉన్నాయి. అబద్ధం చెప్పేవాడు నీకు అర్థం కాదు అంటాడన్న సంగతి మాత్రం ఇరవై ఏళ్లుగా తెలుసు. అతన్ని వదిలి డాక్టర్ వైపు తిరిగాను.

"డాక్టర్ గారూ, ఈ కంప్యూటర్‌కు అప్‌డేట్లు వస్తున్నయా?"

"పాతదానికి ఆగిపోయినయి మేడం. విండోస్ టెన్ ఉండె. అక్టోబర్ నుంచి అప్‌డేట్లు రావని తెర మీద రాసింది. స్తుతే చూపెట్టింది నాకు. ఒక్కసారి కాదు, వెంటబడి చెప్పింది. గా కంప్యూటర్‌కు విండోస్ లెవెన్ ఎక్కదట. పోనీ ఇంకో ఏడాది రక్షణ అప్‌డేట్లు తీసుకునే ఉపాయం ఉన్నది సార్, గది చేద్దాం అన్నది."

"మరి చేసిన్రా?"

"సాయిచంద్ వద్దన్నడు. పాతదాని మీద పైసలు దండుగ, కొత్తదే తీసుకోన్రి అన్నడు. నవంబర్ల కొత్త కంప్యూటర్ పెట్టించిన."

"ఇగ విన్నరు గదా?" సీఐ ముందుకు వంగాడు. "కొత్త కంప్యూటర్. కొత్త విండోస్. అప్‌డేట్లన్ని వస్తున్నయి. అంటే వైరస్ దానంతట అది రాదు, ఎవరో తెచ్చి పెట్టాలె. తెచ్చింది గీ పిల్ల. కేసు ఖతం."

కేసంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది: కంప్యూటర్ కొత్తది. నాకు ఆ మాట మింగుడు పడలేదు. నా ఆఫీసు ల్యాప్‌టాప్‌కూ మొన్న అదే నోటీసు వచ్చింది. కీబోర్డు బాగుంది, తెర బాగుంది, చార్జింగ్ ఆగుతోంది. తయారుచేసిన కంపెనీ మాత్రం పదేళ్లు చూశాం, ఇక నీ దారి నీది అంది. అప్‌డేట్ అంటే పెద్ద మాయేం కాదు. దొంగలు ఎక్కడో ఒక కంత కనిపెడతారు, కంపెనీ దాన్ని పూడ్చి పంపుతుంది. పూడ్చడం మానేస్తే ఇల్లు అలాగే ఉంటుంది, కంతలూ అలాగే ఉంటాయి. పట్నంలో ఉన్నవాడు వెంటనే కొత్తది కొంటాడు. ఇలాంటి ఊళ్లలో వాళ్లు ఎవరో ఒక సాయిచంద్ మాట నమ్ముతారు.

"సోమవారం పేషంటును గంటసేపు ఎందుకు ఆపిన్రు?" అని అడిగాను.

స్తుతి గొంతు మొదటిసారి లేచింది. "నేను వెంటనే పంపుదమన్ననక్కా! సాయన్నకు ఫోన్ చేస్తే, పది నిమిషాలు ఆగున్రి, నేనొచ్చి ఠీక్ చేస్త అన్నడు. పది నిమిషాలని గంట చేసిండు. సిద్దిరాములు తాత నా చెయ్యి పట్టుకొని, ఇంకెంతసేపు బిడ్డా అని అడుగుతనే ఉన్నడు."

డాక్టర్ దశరథం తల దించుకున్నాడు. ఆగడానికి ఒప్పుకున్నది ఆయనేనని ఆ తలే చెప్పింది. మరి ఇంతమంది ఒప్పుకుని చేసిన పనికి ఒక్కపిల్ల ఎందుకు నిలబడాలి? ఆ మాటే పైకి అన్నాను.

"స్కాన్ గది చూస్త," అన్నాను. "స్తుతి నాతో వస్తది."

"ముద్దాయిని..."

"కానిస్టేబుల్‌ను తలుపు దగ్గర నిలబెట్టున్రి సార్. కిటికీలకు జాలీలున్నయి, ఎగిరిపోదు."

స్కాన్ గది శుభ్రంగా ఉంది. మిషన్‌కు ఇవతల అద్దం, దాని వెనక టేబుల్. టేబుల్ మీద తెర, ఇంకా అదే ఎరుపు. టేబుల్ కింద చెక్క పెట్టెలో కంప్యూటర్ డబ్బా. ముందువైపు మాత్రమే కనిపిస్తోంది. పక్కలూ వెనకా చెక్క మూసేసింది, వెనక తలుపుకు చిన్న తాళం.

"తాళంచెవి ఎవరి దగ్గరుంటది?"

"సాయన్న దగ్గర. నవంబర్ల కొత్తది పెట్టినప్పుడు ఈ పెట్టె గూడ చేయించిండు. దుమ్ము పోకుండనట."

"పెట్టినప్పుడు నువ్వు చూసినవా?"

"లేదక్కా. ఆదివారం వచ్చి పెట్టిండు, నేను చర్చిల ఉన్న. సోమవారం వచ్చేసరికి కొత్త తెర, కొత్త బొమ్మ. కానీ పని నిదానం. అడిగితే, కొత్తదానికి అలవాటు పడాలె అన్నడు."

మోకాళ్ల మీద కూర్చుని ఫోన్ లైటు వేశాను. డబ్బా ముందువైపు పెన్‌డ్రైవ్ పెట్టే స్లాట్లు రెండు ఉండాలి. నాకు కనిపించలేదు. ఆ చోట రూపాయి బిళ్లంత గంధం, మధ్యలో కుంకుమ. గంధం ఎండి గట్టిపడి, రెండు స్లాట్ల నోళ్లనూ కప్పేసింది. అంచున సన్నటి పగులు తప్ప చెక్కు చెదరలేదు. వేలు దగ్గరకు తీసుకెళ్లి ఆపేశాను.

"ఈ బొట్టు ఎవరు పెట్టిన్రు?"

"పెద్దమ్మ. డాక్టర్ సార్ వాళ్ల అమ్మ. దసరాకు మిషన్లన్నిటికి పెట్టిండ్రు."

"నువ్వు రోజూ తుడుస్తవు గదా, ఇది ఎందుకు పోలే?"

"బొట్టు తుడవద్దు బిడ్డా, దానంతటదే రాలిపోవాలె అని పెద్దమ్మ చెప్పింది. మా ఇండ్లల్ల గిది లేదు, కానీ ఆమె మనసు కష్టపెట్టుడెందుకని, చుట్టు తుడిచి దాన్ని ముట్టుకోలే."

నేను లేచి నిలబడ్డాను. మోకాళ్లు పట్టేశాయి కానీ నవ్వొచ్చింది, నవ్వు వెనకాలే కోపం వచ్చింది. "కానిస్టేబులూ! అందరిని ఇటు రమ్మను."

ముగ్గురూ వచ్చారు. వాళ్ల వెనక కమలవ్వ కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కానిస్టేబుల్ ఆమెను ఆపబోతే నేను వద్దన్నాను. వినాల్సింది అందరికంటే ముందు ఆమె.

"సాయిచంద్, పెన్‌డ్రైవ్ ముంగటి స్లాటుల పెట్టిందన్నవు గదా. ఏది, చూపెట్టు."

అతను వంగాడు. వంగినవాడు వెంటనే లేవలేదు.

సీఐ కూడా వంగి చూశాడు. "గంధం... అయితే ఏంది? పెన్‌డ్రైవ్ పెట్టి తీసినంక మల్ల పూసి ఉంటది."

"చూడున్రి సార్, నెలల కింద ఎండిన గంధం. సోమవారం పూసినట్టున్నదా?"

"అయితే ఎనక స్లాట్లల్ల పెట్టింది."

"ఎనక తాళమున్నది. చెవి స్తుతి దగ్గర లేదు, మీ సాక్షి జేబుల ఉన్నది. మీ సాక్షి ముంగటి స్లాటు అన్నడు, మీరు ఎనకది అంటున్నరు. ముందు మీరిద్దరు ఒక మాట అనుకోన్రి, తర్వాత పిల్లను జైలుకు పంపుదురు గాని."

ఓంప్రకాశ్ మొహం ఎర్రబడింది. "మేడం, హద్దుల మాట్లాడున్రి."

"హద్దు నాకు చెప్తున్నరా? ల్యాబ్ రిపోర్టు లేదు, చూసినోడు లేడు. మూడు రోజులసంది ఊరంతా ఈ పిల్ల మొహాన ఉమ్మేస్తున్నది. ఆమె బాపు చర్చిల మాపటి ప్రార్థనకు పోయి తల ఎత్తలేక ఎనక వరుసల కూర్చుంటున్నడు. హద్దు దాటింది ఎవరు సార్?"

అప్పుడు నేను అసలు ప్రశ్న అడిగాను.

"సాయిచంద్, ఈ కొత్త కంప్యూటర్ ఎప్పుడు పెట్టినవ్?"

"నవంబర్ల. రెండో ఆదివారం."

"దసరా ఎప్పుడైంది?"

సీఐ నా వంక, డబ్బా వంక మార్చి మార్చి చూశాడు. ముందుగా వెలిగింది డాక్టర్‌కు.

"అక్టోబర్ల..." అన్నాడాయన మెల్లగా. "దసరా అక్టోబర్ మొదట్ల అయింది. అమ్మ అప్పుడు పెట్టిన బొట్టు, నవంబర్ల వచ్చిన డబ్బా మీదికి ఎట్ల వచ్చింది?" "రోజూ దాని చుట్టే తుడిచిన, నాకు గూడ తట్టలే," అంది స్తుతి.

"పెద్దమ్మ మల్ల పెట్టిందేమో సార్," అన్నాడు సాయిచంద్.

"అమ్మ దసరా తెల్లారే సుల్తానాబాద్ పోయింది, మా చెల్లె దగ్గరికి. ఇంకా రాలే." డాక్టర్ సాయిచంద్ వైపు తిరిగాడు. "తియ్. ఆ పెట్టె తాళం తియ్."

"ఇప్పుడు తీస్తే సాక్ష్యం పాడయితది సార్..."

"తియ్యి," అన్నాడు ఓంప్రకాశ్. ఆ గదిలో ఆయన అన్న మొదటి పనికొచ్చే మాట అది.

కానిస్టేబుల్ ఫోన్‌లో వీడియో తీస్తుంటే పెట్టె వెనక తలుపు తెరుచుకుంది. డబ్బా వెనక ఏళ్ల నాటి దుమ్ము పేరుకుని నల్లటి బొంతలా ఉంది. గాలి పోయే జాలీ మూలన బల్లి గుడ్ల పెంకులు రెండు. వాటి పక్కనే కొత్త మోడల్ పేరున్న మెరిసే స్టిక్కర్. గోటితో దాని మూల లేపితే కింద పాత స్టిక్కర్ కనిపించింది.

"నెల కింద కొన్న కంప్యూటర్ల బల్లి ఎప్పుడు గుడ్లు పెట్టి, పిల్లల్ని ఎప్పుడు లేపిందయ్యా?" అన్నాను.

సాయిచంద్ గోడకు చేరగిలబడ్డాడు.

"తెర మార్చినవ్. స్టిక్కర్ మార్చినవ్. ఎనక ఎవరూ చూడకుండ పెట్టె చేయించి తాళమేసినవ్. ఇంత చేసినోడివి, కండ్ల ముంగట ఉన్న బొట్టు ఎందుకు తుడవలే?"

"పండుగ బొట్టు మేడం," అన్నాడు చివరికి. "ఎట్ల తుడుస్త? బట్ట పట్టుకున్న, కానీ చేతులు రాలే."

నాకు కళ్లు తిరిగినంత కోపం వచ్చింది. గంధపు బొట్టు తుడవడానికి రాని చేతులు! ఆ చేతులతోనే ఫోన్ పట్టుకుని, చావుబతుకుల్లో ఉన్న మనిషిని పది నిమిషాలు ఆగమన్నాడు. ఆ చేతులతోనే ఈ పిల్ల మీద సాక్ష్యం రాసిచ్చాడు. భక్తి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతుందో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

"అప్‌డేట్లు ఏం చేసినవ్?" అన్నాను పంటి బిగువున.

"బంద్ పెట్టిన. దానికి అసలు విండోస్ లెవెన్ ఎక్కది. నెట్‌ల దొరికిన దొంగది ఎక్కించిన. అప్‌డేట్ వస్తే దొంగదని బయటపడ్తది. గందుకే, అన్ని వస్తున్నయని తెర మీద చూపెట్టేటట్టు చేసిన. వైరస్ దాంట్లనే ఉండెనో, తర్వాత వచ్చిందో నాకు గూడ తెల్వదు. ఒట్టు మేడం, మనిషి సస్తడని అనుకోలే."

"ఆ పొద్దు ఎందుకు ఆగమన్నవ్?"

"వేరేటోళ్లను పిలుస్తే పెట్టె తెరుస్తరు గదా..."

తలుపు దగ్గర నుంచి కమలవ్వ రెండడుగులు లోపలికి వేసింది. ఏడవలేదు. "నా పెనిమిటి మిల్లు బంద్ పడ్డ నాలుగేండ్లు ఉపాసాలుండి గూడ బతికిండు," అంది సాయిచంద్‌తో. "నీ పది నిమిషాలల్ల సచ్చిపోయిండు." తర్వాత స్తుతి దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆమె భుజం మీది చున్నీ సరిచేసింది.

ఓంప్రకాశ్ గొంతు సవరించుకున్నాడు. "సాయిచంద్, నడువు స్టేషన్‌కు."

"ఒక్క నిమిషం సార్. ఇసొంటి కొత్త కంప్యూటర్లు ఇంకెక్కడెక్కడ పెట్టినవ్?" అని అడిగాను.

సాయిచంద్ తల తిప్పి సీఐ వంక చూశాడు. ఆ చూపు చూసి సీఐ మొహంలో రక్తం దిగిపోయింది. జేబులోంచి ఫోన్ తీసి స్టేషన్‌లో రాతపని చూసే రైటర్‌కు చేశాడు. కంగారులో స్పీకర్ మీద వేలు పడింది, అందరికీ వినిపిస్తోంది.

"బుచ్చిరాములూ, నవంబర్ల వచ్చిన మన కొత్త కంప్యూటర్ మీద బొట్టు ఉన్నదా?"

"ఉన్నది సార్. ఆయుధ పూజ నాడు తుపాకులకు పెట్టినంక మీరే పెట్టిన్రు గదా."

"వైరు పీకు! జల్ది!"

"నేనే మీకు ఫోన్ చేద్దామనుకుంటున్న సార్. ఇప్పుడే తెర ఎర్రగయింది. కేసుల కాయితాలు ఒక్కటి గూడ తెరుచుకుంటలేవు."

"ఎవడ్రా పెన్‌డ్రైవ్ పెట్టింది?" అని అరిచాడు ఓంప్రకాశ్.

"ఎవ్వరు పెట్టలే సార్. ముంగట బొట్టున్నది గదా, ఎట్ల పెడ్తరు?"

ఓంప్రకాశ్ ఫోన్ దించాడు. "ఇప్పుడు ఎవర్ని నిలబెడ్తరు సార్, మీ రైటర్‌నా?" అన్నాను. ఆయన నా వైపు చూడలేకపోయాడు. నాకు తృప్తిగా ఉండాల్సింది, లేదు. ఒక మనిషి ప్రాణం అప్పటికే పోయింది.

స్తుతి మాత్రం మా ఇద్దరినీ పట్టించుకోలేదు. సాయిచంద్ ముందుకు వెళ్లి నిలబడింది.

"సాయన్నా, స్కాన్ సెంటర్లకు ఎక్కడెక్కడ పెట్టినవ్? పోలీసోళ్లకు తర్వాత చెప్పుకో, ముందు నాకు చెప్పు."

"ఖానాపూర్ల ఒకటి," అన్నాడు అతను, వినీ వినపడకుండా.

ఆమె టేబుల్ మీది ఫోన్ లాక్కుని ఆ సెంటర్ నంబర్ నొక్కింది. చాలాసేపు మోగాక అవతల ఎవరో ఎత్తారు. రొప్పుతున్న గొంతు, వెనకాల ఎవరో ఆడమనిషి ఏడుపు.

"ఇప్పుడు మాట్లాడలేమమ్మా. ట్రాక్టర్ కింద పడ్డ పిల్లగాడు టేబుల్ మీద ఉన్నడు. కంప్యూటర్ తెర ఎర్రగయి కూర్చున్నది. సాయిచంద్‌కు చేస్తే ఎత్తుతలేడు. ఆయనొచ్చేదాక ఆగుతున్నం."

"ఆగకున్రి!" స్తుతి అరుపుకు కానిస్టేబుల్ చేతిలో ఫోన్ జారింది. "ఆయన రాడు. కంప్యూటర్ బాగు కాదు. పిల్లగాన్ని లేపి ఇప్పుడే నిర్మల్ తీసుకపోన్రి, ఒక్క నిమిషం గూడ ఆగకున్రి!"

అవతలి గొంతు తటపటాయించింది. "నువ్వెవరమ్మా చెప్పడానికి? మా సార్‌ను అడగాలె."

"గిట్లనే గంటసేపు ఆగి ఒక మనిషిని పోగొట్టుకున్నదాన్ని, లేపున్రి!" అంది స్తుతి.